కట్ట మీద వంపు

పోయిన వారం మండలాఫీసు నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆపదలో అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చేవాళ్ళకి సన్మాన సభ పెడుతున్నారట. అంబులెన్సు వాళ్ళు, ఫైరింజను వాళ్ళు, సముద్రంలో మునిగేవాళ్ళని ఒడ్డుకు లాగే మా తీరం మనుషులు, అందరికీ కలిపి ఒకటే సభ. కొత్తగా తెప్పించిన డ్రోన్లనీ, అంబులెన్సుకి దారి చూపించే మిషన్లనీ అక్కడే జనానికి చూపిస్తారట. సాయం పొందినవాళ్ళలో ఒకరు లేచి నాలుగు మాటలు చెబితే నిండుగా ఉంటుందని ఆయన కోరిక.

"మీరు బాగా మాట్లాడతారంట కదమ్మా. మీ వీడియో చూసినాను. ఏడిపించేసినారు. అదే మాదిరిగా చెప్తే చాలు," అన్నాడు.

ఆయనకి మంచినీళ్ళిచ్చి, ఆలోచించి చెబుతానని పంపించాను. ఆ వీడియో తర్వాత నేను నలుగురిలో లేచి మాట్లాడటం మానేశాను. చర్చిలో కూడా మానేశాను. రెండేళ్ళు దాటింది. ఎందుకు మానేశానో చెప్పాలంటే ఆ మనిషి గురించి చెప్పాలి. పేరు మాత్రం రాయను. ఒకసారి పేరు చెప్పి చేసిన మేలు చాలు.

ఆయన మా తోటపల్లి గూడూరు వైపు ఊళ్ళకి అంబులెన్సు నడిపేవాడు. ఆ ఉద్యోగాన్ని పైలట్ అంటారు. చొక్కా జేబు మీద అలాగే కుట్టి ఉండేది. ఎవరైనా "డ్రైవరన్నా" అని పిలిస్తే, "డ్రైవరు కాదబ్బా, పైలట్టు. విమానం ఒకటే తక్కువ," అనేవాడు. పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ఎదురుగా రోడ్డు కనిపించేది కాదు. ఆ దిండుకి పూల గలీబు. వాళ్ళావిడ కుట్టిందట.

బండి ఎక్కేముందు చెప్పులు విప్పేవాడు. ఉత్తకాలితో తొక్కితేనే బండి మాట వింటుందని నమ్మకం. రోగిని ఎక్కించుకున్న తొందరలో ఆ చెప్పుల సంగతి మరిచిపోయేవాడు. అవి ఆ ఇంటి ముందే ఉండిపోయేవి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ వాకిట్లోనైనా మట్టికొట్టుకున్న రబ్బరు చెప్పులు ఒంటరిగా కనిపిస్తే, ఈ ఇంట్లో ఎవరికో బాగాలేదని దారినపోయేవాళ్ళు ఆగి అడిగేవాళ్ళు. ఎవరో ఒకరు వాటిని తీసుకెళ్ళి ఆయనకి ఇచ్చేవాళ్ళు. ఇయ్యకపోతే ఆయన ఇంకో జత కొనేవాడు.

మెతక మనిషి అని మాత్రం అనుకోకండి. ముత్తుకూరు రోడ్డు మీద ఒకసారి బొగ్గు లారీ మోటారు సైకిలుని కొట్టింది. పడినవాడి చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈయన స్ట్రెచరు దించుతూ, "తీయండబ్బా, బాగా తీయండి. రేపు మీ పెండ్లిలో యేసుకోవచ్చు," అన్నాడట. తర్వాత ఒకడి చేతిలో ఫోను లాక్కుని వాడి జేబులోనే కుక్కి, "ఈ చెయ్యి ఖాళీ అయింది కదా, ఇట్ట రా, తల పట్టుకో," అన్నాడట. వాడు పట్టుకున్నాడట. మా ఆయన కళ్ళారా చూసి వచ్చి చెప్పిన మాట ఇది.

ఎవరైనా కృతజ్ఞతతో చేతులు పట్టుకుంటే విదిలించుకునేవాడు. "వదలండి, స్టీరింగు పట్టుకోవాల్సిన చేతులు," అనేవాడు. అన్నం తినిపోమంటే వినేవాడు కాదు. చర్చి పక్కన కొళాయి దగ్గర బండి ఆపుకుని, స్ట్రెచరు తనే కడిగి, ఎండకి ఆరబెట్టి, దాని నీడలోనే కూర్చునేవాడు.

ఆయన్ని గురించి అందరికీ గుర్తున్నది మాత్రం ఆ ప్రశ్న. ఆపదలో ఫోను చేసినవాళ్ళకి తామెక్కడున్నారో సరిగా చెప్పడం రాదు. చెట్టంటారు, గుంటంటారు, ఫలానావాళ్ళ ఇంటి పక్కన అంటారు. ఈయన వాటి జోలికి పోడు. "ఇంటి గడపలో నిలబడి బయటికి చూడండి. సముద్రం ఏ చెవికి వినపడతా ఉంది?" అంటాడు. మాకు సముద్రం ఎప్పుడూ తూర్పునే. ఏ చెవికో చెబితే ఇల్లు ఎటు తిరిగి ఉందో, ఏ వీధిలో ఉందో ఆయనకి తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళుగా తిరిగిన ఊళ్ళు. ప్రతి వాకిలీ ఆయన తలలో ఉంది.

తర్వాత బండిలో ఆ మిషను పెట్టారు. పలక లాంటిది. దాని మీద దారి నీలం గీతగా కనిపిస్తుంది. ఆడగొంతుతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఆ గీత దాటితే ఆఫీసులో తెలిసిపోతుంది. దాన్ని ఊరికే పెట్టలేదు. ఎక్కడో ఒక డ్రైవరు బండి ఆపుకుని నిద్రపోయాడనీ, నొప్పులు పడుతున్న ఒక పిల్ల బండి కోసం చూసి చూసి పోయిందనీ చెప్పుకున్నారు. అలాంటిది మళ్ళీ జరగకూడదని పెట్టారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఆయన కూడా ఒప్పుకునేవాడు. కానీ ఆ మిషనుకి మాత్రం కొత్త కోడలని పేరు పెట్టాడు. "ఈ ఇంటి సంగతులు తెలవవు గానీ నోరు మాత్రం నిలవదు," అనేవాడు.

మా కృపకి పదకొండేళ్ళప్పుడు ఆ బండి మా ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలవుతోంది. నీళ్ళ పొయ్యిలోకి పుల్లలు ఏరుకొస్తానని పిల్ల ఇంటి వెనక సరుగుడు తోపులోకి పోయింది. "అమ్మా" అని ఒకటే కేక. మా ఆయన పరుగెత్తి ఎత్తుకొచ్చాడు. మడమ పైన రెండు చుక్కలు. పామును ఆయన చూశాడు. రక్తపింజరి.

నెంబరుకి ఫోను చేశాను. నేనేం చెప్పానో నాకే తెలియదు. రెండు నిమిషాల్లో ఆ పైలట్టాయనే తిరిగి ఫోను చేశాడు.

"ఏడవబాకండమ్మా. గడపలో నిలబడి బయటికి చూడండి. చూస్తా ఉండారా? సముద్రం ఏ చెవికి వినపడతా ఉంది?"

నాకు ఒళ్ళు మండింది. పిల్ల కాలు కళ్ళముందే వాస్తుంటే సముద్రమేమిటి! అయినా నిలబడ్డాను. విన్నాను.

"కుడి చెవికి."

"రొయ్యల గుంటల్లో ఫ్యాన్ల మోత?"

"ఎడమ చెవికి."

"సరే. చర్చి వెనక వీధి, ఉత్తరం వాకిలి. కాలు కదలనీయబాకండి. తాడుతో బిగించబాకండి. కోయబాకండి. వచ్చేస్తా ఉండాను."

ఆ ప్రశ్న ఆయనకి దారి చూపించడానికే కాదని నాకు తర్వాత తెలిసింది. సముద్రం కోసం చెవి పెట్టిన ఆ క్షణంలో నా ఏడుపు ఆగింది. ఆయన చెప్పిన జాగ్రత్తలు అందుకే నా తలకెక్కాయి.

తారు రోడ్డు మా ఊరికి చాలా దూరం చుట్టు తిరిగి వస్తుంది. కాలువ కట్ట మీదుగా అయితే సగం దూరమే. మిషనుకి తెలిసింది తారు రోడ్డు ఒక్కటే. ఆయన కట్ట మీదుగానే వచ్చాడు, కట్ట మీదుగానే మమ్మల్ని తీసుకెళ్ళాడు. మందులు చూసే అమ్మాయితో పాటు నేను వెనక పిల్ల దగ్గర కూర్చున్నాను. మా ఆయన ముందు కూర్చున్నాడు. తోపు దగ్గరికి వచ్చేసరికి కట్టకి అడ్డంగా రొయ్యల మేత లారీ ఆగి ఉంది. మేత బస్తాలు దించుతున్నారు. ఆయన హారను కూడా కొట్టలేదు. బండిని కట్ట దించి తోపులోకి పోనిచ్చి, చెట్ల మధ్య నుంచి లారీని చుట్టుకుని మళ్ళీ కట్ట ఎక్కించాడు. వచ్చేటప్పుడు కూడా అలాగే వచ్చాడట. మిషను అరుస్తూనే ఉంది.

"ఉండవే తల్లా," అన్నాడాయన దానితో. "నువ్వేమన్నా ఈడ పుట్టినావా? ఈడ పెరిగినావా?"

అంత భయంలోనూ మా కృప కొంచెం నవ్వింది. ఆ నవ్వుని నేను చచ్చేదాకా మరిచిపోను.

రోడ్డెక్కాక మిషను దగ్గర ఉన్న ఆసుపత్రికి పొమ్మంది. ఆయన పోలేదు. మా ఆయన అడిగితే, "ఆడ పాము మందు పొద్దున్నే అయిపోయింది. ఒకాయన్ని దించితే ఉన్న సీసాలన్నీ ఆయనకే ఎక్కించినారు. నా కండ్లతో చూసినా. దీనికి దోవ కనపడతాది గానీ సీసాలు కనపడవు," అన్నాడు. ఆగకుండా నెల్లూరు తీసుకెళ్ళాడు.

పిల్ల బతికింది. తడవు చేయకుండా తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరు చెప్పాడు. అంబులెన్సాయన వరండాలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. నేను చేతులు జోడించాను. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"పాప బాగుంటాదమ్మా. ఒకటే మాట. నేను ఏ దోవన వచ్చినానో, యాడికి పోకుండా ఈడికి వచ్చినానో, ఎవురికీ చెప్పబాకండి."

నేను దాన్ని వినయమనుకున్నాను. తప్పు అక్కడ చేశాను.

నేను బడికి పోలేదు. మా అమ్మే చేటలో బియ్యం పోసి నాకు అక్షరాలు దిద్దించింది. అక్షరాలతో పాటు ఇంకొకటి నేర్పింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకుని, ఆ మెతుకు కంచంలోకి రావడానికి కష్టపడ్డవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకుని దేవునికి స్తోత్రం చెప్పాలి. నారు పోసినవాళ్ళు, నాటినవాళ్ళు, కోసినవాళ్ళు, మిల్లు పట్టినవాళ్ళు. "ఒక్కరిని మరిచినా అది దొంగ కూడే," అనేది. మంచి చేసినవాళ్ళు చెప్పొద్దనే అంటారు, చెప్పడం మన వంతు అని కూడా అనేది. నేను అలా పెరిగాను.

కృప ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మేలు పొందినవాళ్ళు లేచి, దేవుడు ఎవరెవరి చేతుల ద్వారా ఆ మేలు చేశాడో చెప్పడం మా అలవాటు. నేను లేచాను. మైకు తీసుకున్నాను. ఒక్కరినీ మరవలేదు. కాలు కదలకుండా పట్టుకున్న పక్కింటామెని చెప్పాను. మందులు చూసిన అమ్మాయిని చెప్పాను. ఆయన సంగతి వచ్చేసరికి నా నోటికి అడ్డు లేకపోయింది. పేరు చెప్పాను. సముద్రం చెప్పాను. కట్ట, లారీ, తోపు, అన్నీ చెప్పాను. దగ్గర ఆసుపత్రికి పొమ్మంటే పోని సంగతి చెప్పాను. కొత్త కోడలు మాట చెబితే చర్చి అంతా నవ్వింది. "ఆ మిషను మాట విని ఉంటే నా బిడ్డ ఈ రోజు ఇక్కడ కూర్చుని ఉండేది కాదు," అని ముగించాను. మా పాస్టరు అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

పాటలు పాడే పిల్లల్లో ఎవరో దాన్ని ఫోనులో తీశారు. సంఘం గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి ఇంకో గ్రూపుకి పోయింది. తెలియనివాళ్ళు కూడా నాకు ఫోను చేసి ఆమేన్ అన్నారు. వారం రోజులు నేను ఎంత సంతోషంగా ఉన్నానో! నా మాట ఇంతమందికి చేరిందే అని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

రెండో వారం మా ఆయన గుంటల దగ్గర నుంచి వచ్చి, అన్నం పెట్టుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆయన్ని తీసేసినారంట."

"ఎవరిని?"

"ఇంకెవుర్ని. ఆఫీసుకి పిలిపించి, టీవీలో నీ వీడియో వేసి చూపించినారంట. ఈ దోవన పోయినావా లేదా, ఆసుపత్రి కాదని పోయినావా లేదా అని అడిగినారంట. పోయినా అన్నాడంట."

మిషను చెప్పినట్టే పోవాలా, మనిషి తెలివికి కొంత వదలాలా అని ఆ ఆఫీసులో అప్పటికే పెద్ద వాదన నడుస్తోందట. నా వీడియో రావడంతో ఆ వాదన తెగిపోయింది. గీత దాటినట్టు మిషనులో గుర్తులున్నా, బండి పాడైందనో, రోడ్డు మూసేశారనో సర్దిచెప్పుకునే సందు ఇంతకు ముందు ఉండేది. నేను మైకులో చెప్పాక ఆ సందు లేదు. కాంట్రాక్టు ఉద్యోగం. ఒక కాగితంతో పోయింది.

"అయినా మిషనుది తప్పేముంది?" అన్నాడు మా ఆయన. "అది లేకపోతే ఎవుడు యాడ బండి ఆపుకుని పండుకున్నాడో ఎట్ట తెలుస్తాది? అందరూ ఆయన మాదిరి ఉంటారా?"

"మిషనుది తప్పని నేను అన్నానా?"

"మైకులో అన్నావు కదా."

అయ్యగారి దగ్గరికి పోతే, "అంతా దేవుని చిత్తం తల్లీ," అన్నారు. "దేవుని చిత్తం కాదయ్యగారూ, నా నోరు," అన్నాను. ఆయన్ని ఎదిరించి మాట్లాడింది అదే మొదటిసారి.

కృప కోసం వచ్చిన రోజు ఆ పైలట్టాయన విడిచిన చెప్పులు మా వాకిట్లోనే ఉండిపోయాయి. నేను కడిగి తలుపు వెనక పెట్టాను. ఎవరి చేతికిచ్చి పంపాలన్నా మనసు రాలేదు. నెల రోజులాగి, వాటిని సంచిలో పెట్టుకుని మా ఆయనతో కలిసి ఆయన ఇంటికి పోయాను. అప్పటికి ఆయన రొయ్యల గుంటలకి ఐసు తోలే బండి నడుపుతున్నాడు. ఇంటి ముందు ఆ బండి కడుగుతున్నాడు. కాళ్ళకి చెప్పులున్నాయి.

సంచి చూసి, "ఈటికోసం వచ్చినారా ఇంత దూరం?" అన్నాడు.

"బండి చెప్పులతోనే నడుపుతున్నారా అన్నా?" అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక అన్న మాట.

"ఐసుబండికి చెప్పులతో తొక్కినా పలుకుతాది. లోపల ఉండేది చచ్చిన రొయ్యలే కదా."

నేను ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఆయన పైపు ఆపలేదు. నీళ్ళు నా కాళ్ళ దాకా పారి వస్తున్నాయి.

"చెప్పబాకండని చెప్పినానా లేదా?"

"చెప్పారన్నా. దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను, అంతే అనుకున్నాను."

"మీ దేవుడికి చెవులు లేవా తల్లీ?" అన్నాడు. "మైకులో చెప్తేనే వినపడతాదా?"

మా ఆయనకి కోపం వచ్చింది. నాకు రాలేదు. నాకంటే ఎంతో చదువుకున్నవాళ్ళు చెప్పిన వాక్యం కూడా నా లోపలికి అంత దూరం పోలేదు.

"ఆఫీసుకి పోయి, నేను కల్పించి చెప్పానని చెబుతాను," అన్నాను.

ఆయన పైపు కింద పడేసి నన్ను చూశాడు. "అబద్ధం చెప్తారా? మీరు?" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గాడు. "నేను ఆడ నిజమే ఒప్పుకున్నా. ఇప్పుడు మీరు పోయి అబద్ధమంటే నేను వెర్రోణ్ణి అయిపోతా. వద్దులే." వాళ్ళావిడ మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందుకుంటుంటే అడిగాడు. "పాప కాలు ఎట్టుంది? పరిగెత్తతా ఉండాదా?"

"పరిగెత్తుతోందన్నా."

"తోపులోకి చెప్పుల్లేకుండా పంపబాకండి," అని, నేను తెచ్చిన జతను నా ముందుకే నెట్టాడు.

అబద్ధం చెప్పకుండానే ఆఫీసుకి పోయాను, కృపని వెంటబెట్టుకుని. అక్కడ ఒక మేడం, చిన్న వయసు. కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది. పిల్ల కాలు చూసింది. "ఆ రోజు ఆయన చేసింది కరెక్టేనమ్మా. మేం కాదనడం లేదు. కానీ రేపు ఇంకొక డ్రైవరు నాకు దోవ తెలుసని పోయి బండిని కాలవలో పడేస్తే? ఆ ఇంటి వాళ్ళకి నేనేం చెప్పాలి?" అంది.

న్యాయమైన మాటే. నేను తల ఊపి, థ్యాంక్స్ చెప్పి లేచి వచ్చాను. జవాబు ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే తట్టింది. ఆయన్ని మిషను మాట వినమనే బదులు, మిషనుని ఆయన దగ్గర కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది కదా! ఆ మాట అప్పుడు అక్కడ తట్టలేదు. నాకు థ్యాంక్స్ చెప్పడమే వచ్చు.

ఈ ఏడు ఎండలు ముదరకముందు ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు చర్చి అవతలి గుంటలో రొయ్యలు పడుతున్నారు. మా ఆయన అక్కడే పని చేస్తాడు. నాకు ఫోను చేసి, "తొందరగా రా. ఐసుబండాయన పడిపోయినాడు," అన్నాడు.

పోయేసరికి ఆయన్ని బండి నీడలో తడి గోనెల మీద పడుకోబెట్టి ఉన్నారు. చొక్కా చెమటతో అతుక్కుపోయింది. ఒక చెయ్యి రొమ్ము మీద ఉంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పులు విప్పాను. మా ఆయన అప్పటికే అంబులెన్సుకి ఫోను చేశాడు. ఈసారి ఏ చెవికని ఎవరూ అడగలేదు. మేం ఎక్కడున్నామో ఫోనే చెప్పేసిందట.

సైరను త్వరగానే వినిపించింది. ఆయన కళ్ళు తెరిచాడు. తల కొంచెం పక్కకి తిప్పి చెవి పెట్టాడు.

"కట్ట మీద వస్తా ఉండాడే!" అన్నాడు. ఆ మొహంలో నొప్పి మధ్య నుంచి ఏదో వెలిగింది. "దోవ నేర్చుకునిందే కోడలు."

అంతలో సైరను మందగించింది. బండి చెట్ల మధ్యకి దిగితే వచ్చే మూగ మోత అది.

"తోపులోకి దిగినాడు. లారీ ఉండాదా ఆడ?"

నేను లేచి చూశాను. మేమున్నచోటి నుంచి కట్ట పొడుగునా కనిపిస్తుంది. ఖాళీగా, ఎండలో తెల్లగా ఉంది.

"లేదన్నా. ఏమీ లేదు."

"మరెందుకు దిగినాడు?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట ఆ ప్రశ్నే. బండి వచ్చింది, వచ్చినవాళ్ళు చెయ్యాల్సినవన్నీ చేశారు, ఎక్కించుకుని పోయారు. నెల్లూరు చేరకముందే ప్రాణం పోయింది.

ఆయన్ని మట్టి చేసిన రోజు ఆ బండి నడిపిన కుర్రపైలట్ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆయన ఎవరో వాడికి అప్పుడే తెలిసిందట. నేనే పోయి పలకరించాను.

"మీరు కట్ట దారి ఎలా పట్టుకున్నారు నాయనా?"

"మ్యాపులో ఉండాదక్కా. పాత బండ్లు యాడెడ తిరిగినాయో ఆ గుర్తులు తీసి, కొత్త దోవలుగా ఎక్కించినారంట. మా ఆఫీసుకి దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది."

"తోపులోకి ఎందుకు దిగారు?"

"ఆడ దిగి ఎక్కమంటాదక్కా. ఎందుకో నాకూ తెలవదు. నేరుగా పోతే గీత దాటినట్టు. ఆఫీసులో గంట కొడతాది. మనకెందుకులే అని దిగతా."

నన్ను బండి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. కట్ట వెంబడి నీలం గీత నిటారుగా వచ్చింది. తోపు దగ్గర పక్కకి వంగి, కొంచెం దూరం పోయి, మళ్ళీ కట్ట మీదికి ఎక్కింది. ఆ వంపు మీద వేలు పెట్టి చూశాను. మధ్యలో సరిగ్గా ఒక లారీ పట్టేంత చోటు ఉంది.

ఏ దారిన పోయాడని ఆయన్ని తీసేశారో ఆ దారినే గీత చేసుకున్నారు. ఆయన పేరు దాని మీద లేదు. ఆ రోజు బస్తాలు దించుకుని పోయిన మేత లారీ మాత్రం ఇంకా అందులో ఉంది.

ఆ వంపు వల్ల ఎంత ఆలస్యమవుతుంది? నిమిషం కూడా కాకపోవచ్చు. అంత పెద్ద గుండెపోటుకి నిమిషంతో తేడా ఉండదని డాక్టరు అన్నాడట. నేను నమ్ముతున్నాను. నమ్మే శక్తినిమ్మని రోజూ ప్రార్థన చేస్తున్నాను.

నిన్న మండలాఫీసాయన మళ్ళీ వచ్చాడు. వస్తానని చెప్పాను. "ఒకటే చెబుతాను సార్. ఆ లారీ ఎప్పుడో పోయింది, ఆ వంపు తీసేయండి అని చెబుతాను. ఆ దారి ఎవరిదో కూడా చెబుతాను."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అయ్యి సభలో చెప్పేటివి కాదమ్మా. సన్మానం కదా. మీరు కృతజ్ఞత చెప్పండి చాలు. కావాలంటే ఆ వంపు సంగతి ఒక కాగితం మీద రాసియ్యండి, పంపిస్తా."

రాసిచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈ రోజు పొద్దున సైరను వినిపించింది. పాత కుర్రవాణ్ణి వేరే ఊరికి మార్చారు. ఇప్పుడు వచ్చేది ఇంకొకతను, నేను ఎరగను. పిండి కలుపుతున్న చెయ్యి పిండితోనే ఉంది. పరుగెత్తి తోపు దగ్గర కట్ట ఎక్కి నిలబడ్డాను. పైట చెంగు ఊపుతూ, "నేరుగా పో నాయనా! ఏమీ లేదు, నేరుగా పో!" అని అరిచాను. నా అరుపు నాకే వినిపించలేదు. అద్దంలోంచి అతను నన్ను చూశాడు. కృతజ్ఞత చెప్పడానికి ఎవరో అమ్మ పనులొదిలి వచ్చి నిలబడిందనుకున్నాడు. మొహం వెలిగిపోయింది. స్టీరింగు మీది నుంచి ఒక చెయ్యి తీసి, నుదుటికి ఆనించి నాకు దండం పెట్టి, తోపులోకి దిగిపోయాడు.